ఈ రిమోట్ ఒకే కోడ్ రెండోసారి పంపదు: రోలింగ్ కోడ్ రివ్యూ

నమస్తే అండి. టేబుల్ మీద తలుపు తీసే రిమోట్‌లు రెండున్నాయి. రెండూ 433.92 మెగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. ఒకటి ఫిక్స్‌డ్ కోడ్, అంటే ఎప్పుడూ ఒకే కోడ్ పంపేది. రెండోది హెచ్‌సీఎస్301 చిప్ ఉన్న రోలింగ్ కోడ్, అంటే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారేది.

ముందు ఫిక్స్‌డ్ కోడ్‌ది నొక్కుతున్నా. ల్యాప్‌టాప్‌కి తగిలించిన చిన్న రేడియో రిసీవర్ పట్టిన సిగ్నల్ ఇదిగో. మళ్లీ నొక్కాను. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే పిసరంత తేడా లేదు. దీన్ని ఎవరైనా ఒక్కసారి రికార్డు చేసుకుంటే చాలు, మనం వెళ్లిపోయాక అదే పంపి తలుపు తీసేస్తారు. ఇలాంటిది వాడుతుంటే దయచేసి మార్చేయండి.

ఇప్పుడు రెండోది. మొత్తం 66 బిట్లు. సీరియల్ నంబరు, ఏ బటన్ నొక్కామనే సమాచారం ఉన్న భాగం అలాగే ఉంది. కానీ ఈ 32 బిట్లు చూడండి, ఆనవాలు పట్టలేనంతగా మారిపోయాయి! లోపల జరిగింది మాత్రం చిన్న పనే. రిమోట్‌లో నొక్కులు లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది, అందులో అంకె ఒకటి పెరిగింది. దాన్ని 64 బిట్ల రహస్య కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఎవరికీ అర్థం కాకుండా మార్చి పంపింది, అంతే. తలుపు దగ్గరుండే రిసీవర్‌లోనూ అదే కీ ఉంటుంది. విప్పి చూసి, కిందటిసారి కంటే ముందుకెళ్లిన అంకె అయితేనే తలుపు తీస్తుంది.

మరి జేబులో బటన్ ఊరికే నొక్కుకుపోతే? నాకు మొదట్నుంచీ ఇదే టెన్షన్. అందుకే ఆ తలుపు రిసీవర్ ఆపేసి 10 సార్లు నొక్కాను. ఆన్ చేసి ఒక్కసారి నొక్కగానే తలుపు తీసే స్విచ్, అంటే రిలే, టక్కుమంది. ఈసారి మళ్లీ ఆపేసి 30 సార్లు నొక్కి, ఆన్ చేసి చూశా. మొదటి నొక్కుకు పలకలేదు, వెంటనే రెండోసారి నొక్కితే తెరుచుకుంది. కౌంటర్ లెక్కలో 16 దాకా తేడా వస్తే సర్దుకుపోతుంది. అది దాటితే వరసగా రెండు కోడ్‌లు చూశాకే నమ్ముతుంది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

నచ్చనిదీ ఉంది. కోడ్‌కి గడువు లేదు. 2015లో సామీ కామ్‌కర్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు రోల్‌జామ్ అనే పరికరంతో దీన్నే చూపించాడు. మీరు కారు రిమోట్ నొక్కితే వచ్చే మొదటి కోడ్ కారుకు చేరకుండా జామ్ చేసి, అంటే వేరే సిగ్నల్‌తో అడ్డుకుని, రికార్డు చేసుకుంటుంది. పనిచేయలేదని మళ్లీ నొక్కుతారు కదా, రెండోదీ పట్టేసి మొదటిది కారుకు పంపుతుంది. తలుపు తెరుచుకుంటుంది, మీకు అనుమానం రాదు. వాడని రెండో కోడ్ దొంగ దగ్గరే ఉండిపోతుంది. జామర్ లేని చోట కారు మీ రిమోట్‌కి ఒక్కసారి పలికిందంటే మాత్రం ఆ కోడ్ చెల్లదు.