క్లిప్పులు తీశాక రిటైనర్ ఎందుకు, ఎలా

అందరికీ నమస్కారం.

క్లిప్పులు తీసిన రోజుకు పళ్లు వరుసలోకి వస్తాయి గానీ, ఇంకా కుదురుకోవు. పంటి వేరును ఎముకకు పట్టి ఉంచే పోగులు సర్దుకోవడానికి 3, 4 నెలలు కావాలి. పంటి మెడ చుట్టూ చిగురులో ఉండే సాగే పోగులకు ఏడాది దాకా పట్టొచ్చు. మెలితిరిగిన పంటిని సరిచేసి ఉంటే, అవే దాన్ని మళ్లీ పాత దిక్కుకు లాగుతాయి.

పళ్లు అలా వెనక్కి జరగకుండా పట్టి ఉంచేదే రిటైనర్. వీటిలో తీసి పెట్టుకునేవి రెండు రకాలు. అక్రిలిక్ పలకకు ముందువైపు తీగ ఉండే హాలీ రిటైనర్ ఒకటి, పళ్ల మీద పారదర్శకమైన తొడుగులా కూర్చునేది ఇంకొకటి. ఇవి కాక, కోరపన్ను నుంచి కోరపన్ను దాకా లోపలివైపు అతికించే సన్నని తీగ ఉంది.

మీ డాక్టరు చెప్పిన గంటలే లెక్క. మామూలుగా మొదటి 3 నుంచి 6 నెలలు తిండికీ బ్రష్‌కీ తప్ప తీయకూడదు, తర్వాత రాత్రిళ్లు పెట్టుకుంటే చాలు. ఎన్నేళ్లు అంటారా? వరుస నిలవాలనుకున్నన్నాళ్లు. క్లిప్పులు ఎన్నడూ పెట్టుకోనివాళ్లకు కూడా వయసుతో కింది ముందుపళ్లు ఇరుకవుతాయి. నెపం జ్ఞానదంతాల మీద వేస్తుంటారు గానీ, అవి లేనివాళ్లకూ ఇది తప్పదు.

రెండు రోజులు మానేసి పెట్టుకుంటే బిగుతుగా ఉంటుంది. పళ్లు కదలడం మొదలైందన్నమాట. పూర్తిగా కూర్చుంటే ఆ బిగుతు తగ్గేదాకా పగలూ రాత్రీ పెట్టుకోండి. అసలు కూర్చోకపోతే బలవంతం చేయకుండా డాక్టరుకు చూపించండి. పళ్లతో కొరికి ఎక్కించొద్దు, తొడుగు అక్కడే చీలుతుంది. వేళ్లతో నొక్కండి. తీసేటప్పుడు రెండువైపులా దవడపళ్ల దగ్గర వదులు చేయాలి.

చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్‌తో కడగండి. వేడినీళ్లకు తొడుగు వంకర పోతుంది, పేస్టు గరుకుకు గీతలు పడతాయి. తొడుగు ఉండగా మంచినీళ్లు తప్ప ఏదీ తాగకండి. తీపి లోపలే చిక్కుకుంటే లాలాజలం దాన్ని కడగలేదు, పళ్లు పుచ్చుతాయి.

అతికించిన తీగతో చిక్కు వేరు. ఒక్క పంటి దగ్గర అతుకు ఊడినా మిగతావి పట్టుకునే ఉంటాయి కాబట్టి తెలియదు, ఆ పన్ను మాత్రం జరిగిపోతుంది. వారానికోసారి అద్దం పెట్టి లోపలివైపు చూడండి, నాలుకతో తడమండి. తీగ కింద గార పేరుకోకుండా పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ వాడండి.

తినేటప్పుడు టిష్యూలో చుట్టి పెడితే రిటైనర్ చెత్తబుట్టలోకి పోతుంది, డబ్బాలోనే పెట్టండి. పోయినా విరిగినా ఆ వారమే కొత్తది చేయించుకోండి. పాత అచ్చు ఉన్నా, పళ్లు జరిగాక దాని మీద చేసింది పట్టదు.