డబ్బా విప్పేవాళ్ళు ఇద్దరు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ప్యాకింగ్ గురించి వినడానికి బెంగళూరు వైట్‌ఫీల్డ్ దాకా ఇంతమంది తెలుగువాళ్ళు వచ్చారంటే నిజంగా సంతోషంగా ఉంది. నా పని ఎలక్ట్రానిక్ వస్తువులకి పెట్టెలు డిజైన్ చెయ్యడం. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ప్రతి డబ్బానీ ఇద్దరు విప్పుతారు. మొదట మీరు. తర్వాత మీ వార్డులో పొడి చెత్తని వేరుచేసే డ్రై వేస్ట్ సెంటర్‌లో కూర్చుని దాన్ని చేత్తో విడదీసే మనిషి. ఆ సెంటర్లు చాలావాటిని ఒకప్పుడు రోడ్ల మీద చెత్త ఏరుకున్నవాళ్ళే నడుపుతున్నారు. మీరు మూత తీసే ఆ నాలుగు క్షణాల ముచ్చట కోసం మా పరిశ్రమ ఎంతైనా ఖర్చుపెడుతుంది గానీ, రెండో మనిషి ఊసే మీటింగుల్లో రాదు.

ఖరీదైన స్మార్ట్‌వాచీ పెట్టె ఒకటి తీసుకోండి. చూడ్డానికి అట్టే. కానీ ఆ అట్ట మెరవడానికి మీద పల్చటి ప్లాస్టిక్ పొర, మూత టక్కున మూసుకోవడానికి లోపల అయస్కాంతం ముక్క, వాచీ కింద స్పాంజి, అన్నిటినీ పట్టి ఉంచే జిగురు. పేపర్ మిల్లులో అట్టని నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేస్తారు, ప్లాస్టిక్ పొర ఉంటే నీళ్ళు సరిగ్గా దిగవు, అందుకే అలాంటివాటిని పక్కకి తీసేస్తారు. పెట్టె అడుగున మాత్రం రీసైకిల్ అవుతుందని చెప్పే మూడు బాణాల గుర్తు ముద్రించే ఉంటుంది! అయస్కాంతం పీకి, స్పాంజి గీకి, అట్టని వేరుచెయ్యడానికి పట్టే టైముకి ఆ సెంటర్‌లో కూర్చున్న ఆమెకి వచ్చే డబ్బులెంత?

ఇక థర్మకోల్. అందులో 98 శాతం గాలే. లారీ నిండా ఎక్కించినా బరువు తూగదు, కిలోల లెక్కన కొనే స్క్రాప్ షాపుకి లారీ బాడుగ కూడా గిట్టదు. 2022 జులై 1 నుంచి కొన్ని ప్లాస్టిక్ వస్తువుల్ని దేశమంతా నిషేధించారు కదా, ఆ జాబితాలో అలంకరణకి వాడే థర్మకోల్ ఉంది, మానిటర్ చుట్టూ పెట్టే థర్మకోల్ లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అమ్ముడుపోని సరుకంతా చివరికి ఏదో ఒక ఊరి మీద పడుతుంది. బెంగళూరు చెత్తంతా పోసిన మండూరు ఇక్కడికి పెద్ద దూరమేం కాదు, ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే గానీ 2014 చివర్లో అక్కడ చెత్త పొయ్యడం ఆగలేదు.

దీనికి బదులేం లేదా అంటే, ఉంది. కోడిగుడ్ల ట్రే ఎలా చేస్తారో అదే పద్ధతిలో పాత కాగితం గుజ్జుని అచ్చుల్లో పెట్టి రూటర్‌కో లాప్‌టాప్‌కో సరిపడే ట్రే చెయ్యొచ్చు. డెల్ కంపెనీ 2009లో వెదురుతో, 2011లో పుట్టగొడుగుల పోగులతో ప్యాకింగ్ చేసి చూపించింది, నాకు ఆ పనంటే చాలా గౌరవం. అయినా మన ఊరికి నేను గుజ్జు ట్రేకే ఓటేస్తాను, ఎందుకంటే సెంటర్‌లో ఆమె దాన్ని ఏమీ ఆలోచించకుండా అట్టల కుప్పలోకి విసిరెయ్యగలదు. కొత్త పదార్థం ఎంత గొప్పదైనా, దానికి విడిగా కుప్ప లేకపోతే చెత్తలోకే పోతుంది.

అయితే ఇది తేలిక కాదు. డ్రాప్ టెస్ట్‌లో పెట్టెని మూలల మీద, అంచుల మీద, ముఖాల మీద పడేస్తాం. గుజ్జు ట్రే మొదటి దెబ్బకే నలిగి బలం పోగొట్టుకుంటుంది, కాబట్టి దాని మడతల ఆకారం మళ్ళీ మొదట్నుంచీ గీసుకోవాలి. వానాకాలంలో గోడౌన్‌లో అట్ట చెమ్మ పీల్చుకుని, వరసలో అడుగున ఉన్న పెట్టె కుంగిపోతుంది. లాప్‌టాప్ పగిలితే జరిగే నష్టం డబ్బా వల్ల జరిగేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకే ప్యాకింగ్ గుడ్డిగా తగ్గించేద్దామంటే నేను ఒప్పుకోను.

తగ్గించాల్సింది ఖాళీ. కొరియర్లు చాలావరకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు కడతాయి, అసలు బరువుకన్నా అది ఎక్కువైతే దానికే చార్జీ. అంటే గాలికి కూడా డబ్బు కడుతున్నాం. 2020లో ఐఫోన్ డబ్బాలోంచి చార్జర్ తీసేశాక సరుకు పేర్చే ఒక్కో ప్యాలెట్ (చెక్క పలక) మీద 70 శాతం దాకా ఎక్కువ పెట్టెలు పడుతున్నాయని ఆపిల్ చెప్పింది. చార్జర్ విడిగా కొంటే ఇంకో డబ్బా వస్తుందన్న విమర్శ సరైనదే, కానీ మీ ఫైనాన్స్ వాళ్ళని ఒప్పించాలంటే పర్యావరణం కన్నా ముందు ఈ రవాణా లెక్కే చూపించండి.

2022 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్‌ని మార్కెట్లోకి వదిలిన కంపెనీదే దాన్ని వెనక్కి తెచ్చే బాధ్యత. కానీ వేరేవాళ్ళు రీసైకిల్ చేసినట్టు చూపే సర్టిఫికెట్లు కొని లెక్క సరిపెట్టుకునే వీలుంది, అందుకని చట్టం ఒక్కటే డిజైన్‌ని మార్చదు. కొనేవాళ్ళు అడగాలి.

మీలో చాలామంది ఆఫీసులకి లాప్‌టాప్‌లు వందల్లో ఆర్డర్ పెట్టేవాళ్ళే. విడివిడి రంగు డబ్బాల్లో కాకుండా, ఒక్క పెద్ద అట్టపెట్టెలో పది పట్టేలా మల్టీప్యాక్ ఇస్తారా అని ముందే అడగండి. కొటేషన్ అడిగేటప్పుడే మూడు షరతులు రాయండి: ప్లాస్టిక్ పొర లేని అట్ట, స్పాంజి బదులు కాగితం గుజ్జు, ప్లాస్టిక్ టేపు బదులు కాగితం టేపు. ఆర్డర్ ఖాయమయ్యాక అడిగితే స్టాక్ వచ్చేసిందంటారు. ఆ షరతులు ఎలా రాయాలో కావాలంటే ఇప్పుడే నా దగ్గరికి రండి, కూర్చుని కలిసి రాద్దాం.