గోదావరి పాయల్లో గాలం: ఏ నీటికి ఏ చేప

సభకు వచ్చిన పెద్దలకు, గాలం పట్టే మిత్రులందరికీ నమస్కారం.

హిమాచల్ ప్రదేశ్‌లో ట్రౌట్ చేపకు గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలి. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆ నీళ్ళలో గాలం పడకూడదు. ఆ చేప గుడ్లు పెట్టే కాలం అది. ట్రౌట్ చల్లటి కొండవాగుల్లో బతికే చేప, మన గోదావరి వేడికి తట్టుకోలేదు. ఆ కట్టుబాటు మాత్రం మనం తెచ్చుకోవలసిందే. మన దగ్గర అందరి నోటా వినిపించే తేదీ ఏప్రిల్ 15. ఆనాటి నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. అది సముద్రం లెక్క. కాలువ గట్టు మీదా లంక రేవుల్లోనూ కూర్చునే మనకు కాలం చెప్పేది నీరే. ఏ నీటిలో ఏ చేప ఏం చేస్తోందో తెలిస్తే గాలం ఎప్పుడు వేయాలో, ఎప్పుడు చుట్టి ఇంట్లో పెట్టాలో రెండూ తెలుస్తాయి.

ముందు కాలువలు. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి నీరు పారుతుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, చేతికొచ్చే వేళకి, మామూలుగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ వదులుతారు. తేదీ ఏటా మారుతుంది. జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశం వార్త పేపర్లో పడగానే రాసి పెట్టుకోండి. కట్టేసిన కొద్ది రోజులకే నీరంతా లాకుల కిందకి, కాలువ మెట్టులా కిందికి దూకే డ్రాపుల కిందకి, తూముల దగ్గరి మడుగుల్లోకి దిగిపోతుంది. చేపా అక్కడే చేరుతుంది. అప్పుడు పట్టడం తేలిక. తేలిక కాబట్టే చెయ్యి అదుపులో ఉండాలి. ఆ మడుగులో ఎండను తట్టుకుని మిగిలిన కొరమీనే వానలు పడ్డాక పిల్లల్ని పెట్టేది. ఇంటికి కావలసిన ఒకటి రెండు తీసుకుని లేచి రావాలని నా గట్టి అభిప్రాయం.

నీరు వదిలిన మొదటి వారం కాలువలో గాలం దండగ. చెత్త కొట్టుకొస్తుంది, దారానికి గడ్డి చుట్టుకుంటుంది, బురదలో ఎర కనపడదు. వాసన పట్టి తినే జెల్లలు మాత్రం దొరుకుతాయి. వాటికి ఎర్రలు గుచ్చి, సీసంతో అడుగున ఆనేలా వేస్తే చాలు. నీరు తేరుకున్నాక దారానికి నీటిపై తేలే బెండు కట్టండి. బెండు ఎంత ఎత్తున కట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి నడిమి నీటిలో, మోసు అడుగున. అయిదడుగుల నీటిలో బొచ్చె కోసం అడుగున ఎర పెడితే సాయంత్రం దాకా బెండు కదలదు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి ముద్ద చేసి ఒకేచోట కొద్దికొద్దిగా వేస్తే చేప చేరుతుంది. ఎక్కువ వేస్తే కడుపు నిండి ఎర ముట్టదు. పరిగెలకి 0.20 మిల్లీమీటర్ల దారం, 10 లేదా 12 నంబరు గాలం సరిపోతాయి. ఇలాంటి మామూలు నంబర్లలో నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుందని, 3/0 లాగా పక్కన సున్నా ఉన్నవాటిలో మాత్రం పెద్దదవుతుందని కొత్తగా కొనేవారు గుర్తుంచుకోవాలి.

కొరమీను గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇది గాలి పీల్చే చేప. గుర్రపు డెక్క సందుల్లో నీటిపైకి వచ్చి బుడగ వదులుతుంది. ఆ బుడగ పగిలిన చోటికి రెండు మూడడుగులు దాటించి రబ్బరు కప్ప వేసి, మెల్లగా మీదకి లాక్కురావాలి. ఏడడుగుల గట్టి రాడ్డు, 30 పౌండ్ల అల్లిక దారం కావాలి. రీలు డ్రాగ్, అంటే దారం జారిపోకుండా పట్టే బిగింపు, బాగా బిగించండి. వదులుగా ఉంటే చేప డెక్క వేళ్ళలోకి దూరిపోతుంది, ఇక రాదు. చప్పుడు వినగానే కర్ర ఎత్తడం అందరికీ ఉన్న అలవాటు. అప్పటికి కప్ప చేప పెదవుల మధ్యే ఉంటుంది, జారిపోతుంది. రెండు క్షణాలు ఆగి, దారం బరువెక్కాక అప్పుడు గట్టిగా కొట్టాలి.

వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన ముద్దగా కదులుతూ కనిపిస్తే దాని కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టు. కప్పని ఆ గుంపు మీద వేస్తే అవి ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి కరుస్తాయి. పెద్దచేపని లాగేసిన గంటలోనే ఆ పిల్లల్ని మిగతా చేపలు మేసేస్తాయి. దయచేసి ఆ పని చేయకండి. పిల్లలు కనిపించిన చోట గాలం చుట్టేయడమే మనం పెట్టుకోవలసిన నిషేధం.

ఇక ఉప్పునీటి పాయలు. గౌతమి యానాం దిగువన, వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. వరద తీసి నీరు తేటపడ్డాక, కార్తీకం నుంచి వేసవి దాకా, ఇక్కడ పండుగప్ప కాలం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఆ వేళలు మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పున్నమికీ నీటి ఊపు ఎక్కువ, అష్టమికి తక్కువ. పోటు నిండి పాటు మొదలయ్యాక మొదటి రెండు గంటలు చూడండి. మడ చెట్ల మధ్యకి ఎక్కిన రొయ్యలూ కొయ్యింగలూ నీటితోపాటు కిందికి జారతాయి. పండుగప్ప ఆ చిన్న పాయ నోటి దగ్గరే, మొద్దులకో వంతెన స్తంభాలకో ఆనుకుని కాచుకుని ఉంటుంది. బతికున్న రొయ్యని తోక దగ్గర గుచ్చి, 3/0 నుంచి 5/0 గాలంతో ప్రవాహంలో వదలాలి. గాలానికి పైన ఒక మీటరు దాకా 0.60 మిల్లీమీటర్ల మందపు నైలాన్ తప్పదు. ఈ చేప మొప్ప అంచు కత్తిలా కోస్తుంది. గాలం దగ్గర సన్నదారం ఉంటే చేప గాల్లోకి ఎగిరి తల విదిలించినప్పుడు తెగిపోతుంది.

పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. అంటే మీ చేతికొచ్చిన చాలా పెద్ద చేప దాదాపుగా తల్లిచేపే. ఫొటో తీసుకుని, తడిచేత్తో పట్టుకుని, నీటికి ఎదురుగా నిలిపి అది తనంతట తాను కదిలేదాకా ఆగి వదిలేయండి. గాలం ముల్లుని ముందే పట్టకారుతో నొక్కేస్తే తీయడం సులువు.

ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు పులసకి ఏ ఎర వాడాలని అడుగుతుంటారు. ఏదీ పనికిరాదు. అది నీటిలోని సన్నటి నాచునీ సూక్ష్మజీవులనీ వడకట్టుకు తినే చేప. వలకే పడుతుంది. వరదలో నది దగ్గరికి అసలు వెళ్ళకండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరిక రాకముందే లంక రేవుల మెట్లు మునుగుతుంటాయి. బ్యారేజీ గేట్ల కింద సుడులుంటాయి, ఏ కాలంలోనైనా అక్కడ దిగవద్దు.

ఎక్కడ వేయవచ్చన్న మాటకొస్తే, పంచాయతీ చెరువులు చాలావరకు వేలం పాటకి పోతాయి. పాడుకున్నవారిని అడగకుండా వేస్తే అది దొంగతనమే. కోరంగి అభయారణ్యం 1978 నుంచి రక్షిత ప్రాంతం. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ పాయల్లో గాలం వేయకూడదు. మందు కలిపి, మందుగుండు పేల్చి చేపలు చంపడం 1897 నాటి చట్టం నుంచీ నేరమే. కరెంటు పెట్టేవాళ్ళు కనిపిస్తే మత్స్యశాఖ వారికి చెప్పండి. మెత్తపెంకు తాబేలు ఎర మింగితే లాగి గట్టున వేయకండి, అది చట్టం కాపాడే జంతువు. దారం నోటి దగ్గరికి కత్తిరించి వదిలేయండి.

చివరిగా రెండు జాగ్రత్తలు. ఇంగిలాయి రెక్క ముల్లు గుచ్చుకుంటే విషం ఎక్కుతుంది. చెయ్యిని, కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పాకితే ఆస్పత్రికి వెళ్ళాలి. ఒంటినిండా గట్టి పెచ్చులున్న దెయ్యం చేప గాని, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాని గాలానికి పడితే జాలిపడి మళ్ళీ కాలువలో వదలకండి. మన చేపల గుడ్లనీ పిల్లలనీ అవి బతకనివ్వవు. గట్టుకి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.

ముళ్ళు వేయడం, రీలు డ్రాగ్ సర్దడం బల్ల దగ్గర చూపిస్తాను, మీ కర్రలు పట్టుకుని రండి.