ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదలయ్యే ఖర్చు

నమస్కారం. తల్లిదండ్రులు విజయవాడలోనో గుంటూరులోనో సొంత ఇంట్లో ఉంటూ, పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల్లో స్థిరపడిన కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో తండ్రికి పక్షవాతం వచ్చినా, తల్లికి తుంటి ఎముక విరిగినా, పిల్లలు మొదట అడిగేది ఇన్సూరెన్స్ ఉందా అనే. అడగవలసిందే. కానీ ఆ పాలసీ సాయం చాలావరకు ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. 70 ఏళ్లు దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించేలా 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకే. డిశ్చార్జి అయ్యాక స్నానం చేయించడానికి, పక్క మార్చడానికి, పడక పుండ్లు రాకుండా రాత్రంతా కనిపెట్టుకుని ఉండడానికి పెట్టుకునే మనిషి జీతం ఏ కార్డులోనూ లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. పగలొకరు, రాత్రొకరు చొప్పున ఇద్దరు ఆయాలకు తలా 18 వేలు, మందులు, డైపర్లు, ఫిజియోథెరపీ కలిపి 14 వేలు అనుకుంటే నెలకు 50 వేలు, ఏడాదికి 6 లక్షలు, ఐదేళ్లకు 30 లక్షలు అవుతుంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక వ్యక్తి గరిష్ఠ పరిమితి 30 లక్షలూ దాచినా, 8.2 శాతం వడ్డీ మీద నెలకు 20,500 రూపాయలే లెక్కకు వస్తాయి, అదీ మూడు నెలలకొకసారి చేతికందుతుంది. మిగిలిన 29,500 రూపాయలు ఎవరిస్తారన్నది, నాన్నగారు లేచి తిరుగుతున్నప్పుడే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛనుకు అర్హత ఉన్న కుటుంబాల్లో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 2024 నుంచి నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు కనుక అది కూడా విచారించండి.

మన ప్రాంతంలో అసలు చిక్కు ఇంకొకటి ఉంది. గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ పటమటలోనో ఇల్లుంటుంది, దాని విలువ కోటి దాటుతుంది, బ్యాంకులో మాత్రం రొక్కం ఉండదు. పైగా ఆ ఇంటిని ప్రేమకొద్దీ ముందే ఒక బిడ్డ పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేస్తారు. రాసేవారు తమ జీవితకాలం అనుభవించే హక్కును అట్టే పెట్టుకోవాలని, తమ బాగోగులు చూడాలన్న షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించాలని నేను గట్టిగా చెబుతాను. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, అలాంటి షరతు ఉండి బిడ్డ మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. షరతు ఉండటం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, 2025లో ఆ చట్టాన్ని పెద్దలకు మేలు చేసేలా ఉదారంగా అన్వయించాలన్నది. అయినా కోర్టు ఉదారత మీద ఆధారపడటం కంటే రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లే ముందే ఒక వాక్యం రాయించుకోవడం ఎంతో క్షేమం.

చాలామంది పొరబడే మరో సంగతి జీపీఏ, అంటే తన తరఫున పనులు చేసే అధికారాన్ని మరొకరికి రాసిచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ. నాన్న నా పేర పవరాఫ్ అటార్నీ ఇచ్చారు కదా, బ్యాంకు పనులన్నీ నేనే చూసుకుంటానని ధైర్యంగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారమూ ముగుస్తుంది. మతిమరుపు వ్యాధి ముదిరి అది అత్యవసరమయ్యే రోజునే ఆ కాగితం చెల్లదన్నమాట. అందుకే ముఖ్యమైన ఖాతాలను ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే జాయింట్ ఖాతాలుగా ముందే మార్పించుకోవాలి.

ఇక ఊళ్లోనే ఉండిపోయిన కూతురో కోడలో చేసే చాకిరీ మాట. దూరాన ఉన్నవారు డబ్బు పంపితే బాధ్యత తీరిందనుకుంటారు, ఈమె ఉద్యోగం మానుకున్న సంగతి ఏ లెక్కలోనూ చేరదు. నెలకు కొంత మొత్తం ఆమె ఖాతాలో వేయడం అవమానం కాదు, ధర్మం. ఏడాదిలో కొన్ని వారాలు ఆమెకు పూర్తి విశ్రాంతి దొరికేలా మిగతావారు వంతులు వేసుకుని రావాలి.

ఈ సంక్రాంతికి అందరూ ఇంటికి చేరినప్పుడు ఒక మధ్యాహ్నం ఈ మాటకే కేటాయించండి. డిపాజిట్ రసీదులు, పాలసీలు, దస్తావేజులు ఎక్కడున్నాయో, నామినీ ఎవరో రాసి పెట్టుకోండి. మంచాన పడితే సొంతింట్లోనే ఉంటారా, పిల్లల దగ్గరికి వస్తారా, వెంటిలేటర్ దాకా వెళ్లడం తమకు సమ్మతమేనా అన్నది మాత్రం మీరు ఊహించుకోకుండా అమ్మానాన్నలనే అడిగి, వారి మాటల్లోనే రాయించి సంతకం చేయించండి.