చిగుళ్లలోంచి రక్తం వస్తోందా? బ్రష్ ఆపకండి

బ్రష్ చేస్తుంటే నురగలో ఎర్రగా కనబడింది. వెంటనే భయమేసి, నాలుగు రోజులు ఆ పక్కకి బ్రష్ పోనివ్వరు. చిగుళ్ల జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకి కావలసింది సరిగ్గా ఇదే.

ముదిరిన చిగుళ్ల జబ్బులో తరచూ కలిసి దొరికేవి మూడు: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపోనెమా డెంటికోలా. 1998లో పరిశోధకుడు సోక్రాన్‌స్కీ బృందం వీటిని ‘రెడ్ కాంప్లెక్స్’ అంది. నోరు తిరగని పేర్లే, కానీ మొదటిదాన్ని గుర్తుపెట్టుకోండి.

పళ్లు పుచ్చబెట్టే బ్యాక్టీరియాకి చక్కెర కావాలి. జింజివాలిస్‌కి చక్కెరతో దాదాపు పనే లేదు. ప్రొటీన్ ముక్కలు తింటుంది, ఇనుమును రక్తంలోని హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే, ఇనుమున్న పదార్థం) నుంచి లాక్కుంటుంది. ల్యాబ్‌లో రక్తం కలిపిన అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) మీద పెంచితే దాని కాలనీలు నల్లబడేది ఆ హీమ్‌ని ఒంటికి పట్టించుకోవడం వల్లే. అంటే, వాచి రక్తం కారే చిగురు దానికి వడ్డించిన విస్తరి. పైగా జింజిపెయిన్లనే ఎంజైములతో చిగురునీ, మన శరీరం రక్షణకి పంపే ప్రొటీన్లనీ కత్తిరించేస్తుంది.

కానీ ఇది మొదట వచ్చేది కాదు. ముందు పంటికి అతుక్కునేవి స్ట్రెప్టోకాకస్ రకాలు. వాటిమీద ఫ్యూసోబాక్టీరియం చేరి వంతెన కడుతుంది. పాచి మందమై లోపల ఆక్సిజన్ తగ్గాకే ఈ మూడూ స్థిరపడతాయి. రోజూ పాచి చెదరగొడితే వీటికి ఇల్లే కట్టనివ్వనట్టు.

పంటిని పట్టి ఉంచే ఎముకను ఇవి నేరుగా కొరకవు. వీటిమీద మన శరీరం చేసే యుద్ధంలో, మన సొంత ఆస్టియోక్లాస్ట్ కణాలే దాన్ని కరిగిస్తాయి. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

డాక్టర్ సన్నటి ప్రోబ్‌తో (కొలత గీతలున్న పుల్లలాంటి పరికరం) పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు కొలుస్తారు. 1 నుంచి 3 మి.మీ. మామూలు. 4 దాటి రక్తం కూడా వస్తుంటే, అక్కడ మీ బ్రష్ పని చేయదు. కుచ్చు చిగురు కిందికి 1 మి.మీ. దాకా వెళ్తే గొప్ప. పుక్కిలించే మందూ అంత లోపలికి దిగదు. యాంటీబయాటిక్ ఒక్కటే మింగినా లాభం లేదు, బ్యాక్టీరియా జిగురు పొరలో దాక్కుని ఉంటుంది కాబట్టి. ఆ పొరనీ, వేరుకి పట్టిన గారనీ గీకి తీయాల్సిందే (స్కేలింగ్ అంటే ఇదే).

ఇంట్లో చేయాల్సింది: మెత్తటి బ్రష్, చిగురు అంచున 45 డిగ్రీల వాలు, చిన్న చిన్న కదలికలు, 2 నిమిషాలు. పళ్ల సందుల్లోకి సరిపడే సైజు ఇంటర్‌డెంటల్ బ్రష్. జబ్బు పైపైనే ఉంటే వారం, రెండు వారాల్లో రక్తం తగ్గిపోతుంది. తగ్గకపోతే లోతు కొలిపించుకోండి. పొగ తాగేవాళ్లు మాత్రం రక్తం రావట్లేదని ధైర్యపడొద్దు. పొగ ఆ లక్షణాన్నే కప్పేస్తుంది.

‘స్కేలింగ్ చేయించాక సందులొచ్చాయి’ అంటుంటారు. సందులు ముందునుంచే ఉన్నాయి, గార వాటిని పూడ్చి ఉంచింది. వాపు దిగాక చిగురు కుదించుకుంటుంది కూడా. పని ఫలించిందో లేదో ఆ సందులు చెప్పవు. 6 నుంచి 8 వారాల తర్వాత అదే ప్రోబ్‌తో మళ్లీ కొలిపించుకోండి.