పన్నెండు మీద ఒకటి: పర్లాకిమిడిలో మా అత్తతో కబుర్లు

నేను: అందరికీ నమస్కారం. వెనకాల టకటకమని వినిపిస్తున్నది మైకు లోపం కాదు, మా మేనత్త ఇంటి పెరట్లో చింతపండు కొడుతున్నారు. పర్లాకిమిడి వచ్చాను. మహేంద్రతనయకి అటువైపు మన పాతపట్నం, ఇటువైపు ఒడిశా గజపతి జిల్లా. మా అత్త 22 ఏళ్ళుగా కొండమీద సవర గిరిజనుల ఊళ్ళో ప్రైమరీ టీచర్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పిల్లలది సవర. రెడీయేనా అత్తా?

అత్త: అడుగు. ఎనిమిదింటికి నేను కుక్కర్ పెట్టాలి మరి.

నేను: నా ఫ్రెండ్ ఒకడు టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ చేశాడు. 2009లో ముంబై, పుణెల్లో మొదలైందది. చదువు ముగించినవాళ్ళు, ఉద్యోగాలు వదిలొచ్చినవాళ్ళు రెండేళ్ళపాటు పేద పిల్లల బడుల్లో పాఠాలు చెబుతారు. పాఠం చెప్పడమే లీడర్‌షిప్ అంటాడు వాడు. క్లాసుకి ఒక గురి పెట్టుకోవాలి, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ అందులోకి లాక్కురావాలి, పని జరగకపోతే తప్పు ముందు తనలో వెతుక్కోవాలి. నువ్వేమంటావు?

అత్త: లీడరంటే మా ఊరికి ఎలక్షన్లప్పుడు జీపులో వచ్చేవాడురా. (నవ్వు) కానీ నువ్వు చివర్లో అన్నావే, తప్పు తనలో వెతుక్కోవడమని, అది మాత్రం నాకు బాగా తెలుసు. ఆలస్యంగా తెలిసింది.

నేను: ఎప్పుడు?

అత్త: 2010లో. రెండో తరగతిలో ఒక గుంటడు ఉండేవాడు. గులకరాళ్ళు లెక్కపెట్టి ఎన్నున్నాయో పలక మీద రాయమన్నాను. పదమూడు రాళ్ళు. వాడు 121 రాశాడు. తప్పు కొట్టాను. మర్నాడు పంతొమ్మిది పెడితే 127 రాశాడు. మళ్ళీ తప్పు. ఇలా రెండు నెలలు. అంతా ముందు బాగానే లెక్కపెడతాడు, పన్నెండు దాటగానే పాడుచేస్తాడు. మొద్దు అనుకున్నాను. పైకి అన్నాను కూడా. సవరలో కాదులే, ఒడియాలోనే. కానీ తిట్టు ఏ భాషలో ఉన్నా పిల్లలకి అర్థమవుతుంది కదా. వాడు రావడం మానేశాడు. నేను రిజిస్టర్లో ‘సక్రమంగా రాడు’ అని రాసుకుని ఊరుకున్నాను.

నేను: తర్వాత?

అత్త: సంతలో వాళ్ళ మామ్మ కొండచీపుళ్ళు అమ్ముతోంది. నేను కొనబోయాను. షావుకారు పదేసి చొప్పున లెక్కవేస్తుంటే ముసలామె ఆపి, తనే మళ్ళీ లెక్కపెట్టుకుంది. మొత్తం 33. ఏమంటోందని మా అయిదో తరగతి పిల్లనడిగాను. ‘ఇరవై, పన్నెండు, ఒకటి అంటోంది గురుమా’ అంది.

నేను: ఇరవై, పన్నెండు, ఒకటి... ముప్ఫై మూడు!

అత్త: మరి! సవర లెక్కలో పన్నెండు దాకా దేని మాట దానికుంది. పదమూడంటే పన్నెండు మీద ఒకటి. పంతొమ్మిది, పన్నెండు మీద ఏడు. ఇరవైకి మళ్ళీ వేరే మాట. అక్కణ్ణుంచి ఇరవైలతో నడుస్తుంది. తొంభై మూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. గుంటడు రాసిందేమిటి? పన్నెండు, పక్కన ఒకటి. తన లెక్క తను కరెక్టుగానే చెప్పాడు. రాసే పద్ధతి ఒక్కటే తెలీదు. అది నేర్పాల్సిన మనిషి తప్పు కొడుతూ కూచుంది.

నేను: అప్పటికి నువ్వక్కడ చేరి ఏడేళ్ళు.

అత్త: ఏడేళ్ళూ బస్సు దిగడం, ఒడియాలో పాఠం చెప్పడం, బస్సెక్కడం. ఒడిశాలో 2006 ప్రాంతంలోనే పది గిరిజన భాషల్లో చదువు చెప్పడం మొదలుపెట్టారు, అందులో సవర ఒకటి. పుస్తకాలున్నాయి. చదివి వినిపించాల్సిన నాకు భాష రాదు. మీ ఫ్రెండుని తక్కువ చేసి అనడం లేదుగానీ, రెండేళ్ళంటే నాకు కొంచెం నవ్వొస్తుంది. మొదటి రెండేళ్ళలో నాకు సవరలో ‘కూచో’, ‘లే’ తప్ప రాలేదు.

నేను: వాడు వింటాడత్తా ఇది.

అత్త: విననీ. కుర్రాళ్ళు రావాలి, మంచిదే. ఆ రెండేళ్ళు చూసినవాడు రేపు ఆఫీసరైనా, ఇంకేదైనా, మర్చిపోడు. నేనంటున్నది ఉండిపోయేవాళ్ళ సంగతి.

నేను: వినేవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన గిడుగు రామ్మూర్తి పంతులుగారు 1880లో టీచరుగా చేరింది ఈ ఊళ్ళోనే, నెలకి 30 రూపాయల జీతం మీద. సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. అడవుల్లో తిరిగి మలేరియా వస్తే, క్వినైన్ వాడి వాడి చెవుడు తెచ్చుకున్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు.

అత్త: ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న దండ వేసి వాడుక భాష గురించి మాట్లాడతారు. సవర సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడాయన. అంటే పంతులుగారికీ ఒక పంతులున్నాడు. నాకా అయిదో తరగతి పిల్ల. రోజూ మధ్యాహ్నం బడి భోజనంలో డాల్మా, అదే కూరగాయల పప్పు, తిన్నాక అరగంట. నేను పలికితే బడి బడంతా పడీపడీ నవ్వేది. ఒక టీచరు తప్పు మాట్లాడటం వాళ్ళు చూడటం అదే మొదలు. ఆ తర్వాత వాళ్ళకీ తప్పు రాయాలంటే భయం తగ్గింది. నేను ప్లాన్ చేసింది కాదది, దానంతటదే జరిగింది.

నేను: మరి లెక్కలెలా చెప్పావు?

అత్త: చీపురుపుల్లలతో. పన్నెండు పుల్లల కట్ట ఇంటి కట్ట, పది పుల్లల కట్ట బడి కట్ట అని పేర్లు పెట్టాం. ఇంటి కట్ట ఒకటి, పైన విడి పుల్ల ఒకటి ఇస్తాను. కట్ట విప్పి, పది లెక్కపెట్టి, బడి కట్ట కట్టాలి. రెండు మిగులుతాయి. విడి పుల్లతో కలిపితే మూడు. ఒక కట్ట, మూడు పుల్లలు. అందుకే ఒకటి, పక్కన మూడు. 13. కట్టలు విప్పీ కట్టీ వాళ్ళకి పదుల స్థానం ఎంత బాగా పట్టుబడిందంటే, టౌన్లో మా అబ్బాయికి ట్యూషన్ పెట్టించినా అంత రాలేదు. వాడికీ ఈ పుల్లలే పెట్టాల్సింది.

నేను: మీ బడిలో ఎంతమంది?

అత్త: 41 మంది, ఇద్దరం టీచర్లం. విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు చాలు. తలలు లెక్కపెడితే సరిపోయింది. కానీ తరగతులు అయిదు కదా! ఒకే గదిలో ఒక గోడకి రెండో తరగతి, ఇంకో గోడకి మూడు. కాగితాల పని మీద ఒకరు వెళ్తే ఆ రోజు అయిదూ ఒక్కరివే. అలాంటప్పుడు పెద్ద పిల్లలే చిన్నవాళ్ళకి చెప్పాలి. మీవాడి లీడర్‌షిప్ మా దగ్గర చూడాలంటే ఆ అయిదో తరగతి ఆడపిల్లల్ని చూడమను.

నేను: తల్లిదండ్రులో?

అత్త: బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్ళుండాలి, అదీ చట్టమే. మా దగ్గర మీటింగ్ అంటే రిజిస్టర్లో వేలిముద్రలు. పదకొండింటికి పెడితే పోడు పని వదిలి ఎవరొస్తారు? సాయంత్రం బోరింగు దగ్గరికి మార్చాను. ఎలాగూ నీళ్ళకొస్తారు. జీడిపిక్కల సీజన్లో పిల్లలు తోటల్లోకి పోతారని నేను గొడవ పెట్టుకుంటే, ఒకామె అంది, ‘పొద్దున్న ఏరుకుని వస్తారు, బడి ఒక గంట ఆలస్యంగా పెట్టు.’ అంతే! ఏళ్ళ తరబడి నేను చెప్పిన నీతులకి వాళ్ళిచ్చిన జవాబు అది. ఆ వేసవిలో తోటలకి పోయే పదకొండు మందిలో ఆరుగురు బడికొచ్చారు. మిగతా అయిదుగురూ అమ్మానాన్నలతో ఇటుకబట్టీలకి వెళ్ళిపోయారు. దానికి నా దగ్గర ఏ పుల్లలూ లేవు.

నేను: ఆ 121 అబ్బాయి?

అత్త: వాళ్ళ ఇంటికెళ్ళాను. ‘నీ లెక్క కరెక్టే, నాకు రాలేదు’ అని సవరలోనే చెప్పాను. ఏం తప్పు పలికానో, ముసలామె నవ్వాపుకోలేకపోయింది. తర్వాత పదో తరగతి పాసయ్యాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టేచోట కూలీల హాజరు రాస్తాడు. సంక్రాంతికి ఫోన్ చేస్తాడు.

నేను: హాజరు రాస్తాడా...

అత్త: ఏం, చిన్నదా? నువ్వు కలెక్టర్ అయ్యాడని చెబుతాననుకున్నావు.

నేను: లేదు లేదు. సరే, అనుకున్నాను.

అత్త: వాళ్ళక్క కొడుకు ఇప్పుడు నా రెండో తరగతిలోనే ఉన్నాడు. నిన్న పదమూడు గులకరాళ్ళు పెట్టాను.

నేను: ఏం రాశాడు?

అత్త: 121.

నేను: నువ్వేమన్నావు?

అత్త: పుల్లలు తెచ్చుకోమన్నాను. లే, ఎనిమిదవుతోంది.