ఏ వంటకి ఏ పాన్, పీనట్ బటర్‌కి ఏ స్పూన్

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ఇవాళ మనం వంటింట్లోంచి బయటికి వెళ్లట్లేదు. కొత్తగా విదేశాలకి వచ్చినవాళ్లు ముందు అడిగేది గిన్నెల సెట్ గురించే. సెట్ వద్దంటాను నేను. అందులో రోజూ పొయ్యెక్కేవి మూడో నాలుగో, మిగతావి అల్మారాకి బరువు. ఇండక్షన్ పొయ్యి ఉన్న ఇల్లయితే, సూట్‌కేసులో మోసుకొచ్చిన అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కదు. ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టి చూడండి, గట్టిగా అతుక్కుంటే పనికొస్తుంది.

గుడ్డుకి నాన్‌స్టిక్ ఒకటి చాలు, పక్కన చెక్క అట్లకాడ. స్టీల్‌దైతే పూత మీద గీతలు పడతాయి. ఖాళీ పాన్‌ని మాత్రం పెద్ద మంట మీద వదిలేయకండి. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది, ఆ పొగకి ఇంట్లో పెంచుకునే పక్షులు చనిపోతాయి. చిలకలున్న ఇంట్లో అయితే నేను నాన్‌స్టిక్ జోలికే వెళ్లను.

టమాటా, నిమ్మరసం పడేవాటికి స్టీల్. ఇనుప మూకుడులో పులుపు ఎక్కువసేపు ఉడికితే, నూనె రాసి కాల్చి తెచ్చుకున్న నల్లటి పూత పోతుంది, కూరకి ఇనుము రుచి వస్తుంది.

సరే, అసలు సంగతికి వద్దాం. చూడండి, ఈ పీనట్ బటర్ సీసాలో పైన నూనె ఎలా తేలిందో. పాడవలేదండీ! లేబుల్ మీద పల్లీలు, ఉప్పు తప్ప ఇంకేం లేవంటే నూనె తేలాల్సిందే. తేలకుండా ఉండాలనే కొన్నింట్లో పామాయిల్ గానీ, గట్టిపడేలా చేసిన హైడ్రోజనేటెడ్ నూనె గానీ కలుపుతారు. పైన తేలిన నూనె ఒంపేశారో, చివరికి అడుగున ఇటుకలాంటి ముద్ద మిగులుతుంది. చిన్న స్పూన్‌తో కలిపితే మణికట్టు దాకా జిడ్డే. పొడుగాటి బటర్ నైఫ్‌ని నిలువుగా అడుగు దాకా దించి, కింది ముద్దని పైకి లేపుతూ కలపండి. తర్వాత ఫ్రిజ్‌లో పెడితే అంత త్వరగా విడిపోదు.

ఇక ఆరోగ్యం. లేబుల్ చెప్పే ఒక సర్వింగ్ అంటే 2 టేబుల్‌స్పూన్లు, 32 గ్రాములు. దాదాపు 190 క్యాలరీలు, 16 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల ప్రోటీన్. దీన్ని ప్రోటీన్ ఫుడ్ అని అమ్ముతుంటే నాకు నవ్వొస్తుంది. ముందు ఇది కొవ్వు, తర్వాతే ప్రోటీన్. అందులో ఎక్కువ భాగం గుండెకి మేలు చేసే అన్‌శాచురేటెడ్ కొవ్వే, కాదనను. వెన్నకి బదులు రాసుకుంటే లాభం, వెన్న మీద ఇది కూడా రాసుకుంటే ఏం లాభం? ‘రెడ్యూస్డ్ ఫ్యాట్’ అని రాసున్నవీ తిప్పి చదవండి. తగ్గించిన కొవ్వు చోట పంచదారో, పిండిపదార్థమో చేరుతుంది, క్యాలరీలు దాదాపు అంతే ఉంటాయి.

అందుకే కొలత స్పూన్ వాడమంటాను. ఇదిగో, అంచుకి సమంగా గీసిన టేబుల్‌స్పూన్ ఇది. పక్కనున్నది మామూలు స్పూన్‌తో సీసాలోంచి కుప్పగా తీసింది. తేడా కళ్లకే తెలుస్తోంది కదా!

చిన్నపిల్లలకి స్పూన్‌తో ముద్దగా పెట్టకండి, గొంతుకి అడ్డం పడుతుంది. బ్రెడ్ మీద పల్చగా రాయండి. ఇంట్లో ఎవరికైనా పల్లీల అలర్జీ ఉంటే, కలిపిన కత్తిని జామ్ సీసాలో అస్సలు పెట్టొద్దు. కుక్కకి స్పూన్ నాకించే అలవాటున్నవాళ్లు ముందు లేబుల్‌లో పంచదారకి బదులు వాడే జైలిటాల్ ఉందేమో చూడండి, కుక్కలకి అది విషం.